న్యూజెర్సీలో కుక్కకి పిడుదు పడితే: లైమ్ జబ్బు గురించి హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు తెలుసుకోవాల్సింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. హైదరాబాద్ నుంచి వెంట తెచ్చుకున్న నాలుగేళ్ల లాబ్రడార్, ఇప్పుడు ఎడిసన్‌లో ఉంటున్నారు. ఆదివారం సోర్లాండ్ కొండల ట్రైల్‌కి తీసుకెళ్లారు, మర్నాడు పొద్దున చెవి వెనక పిడుదు కనబడితే పీకేశారు. వెట్‌కి ఫోన్ చేస్తే నెలనెలా మాత్ర వేయమన్నారు, పిడుదు కాటుతో అంటే లైమ్ అనే బ్యాక్టీరియా జబ్బుకి టీకా కూడా వేయిద్దామన్నారు. అక్కడున్నప్పుడు వేపనూనె రాసి, అప్పుడప్పుడు మందు స్నానం చేయిస్తే సరిపోయేది కదా, ఇక్కడ ఇంత హడావుడి అవసరమా అన్నది ఒక సందేహం. ఇంట్లో ఏడాదిన్నర పాప ఉంది, కుక్క నుంచి తనకేమైనా అంటుతుందా అన్నది మీ అసలు భయం.

నేను రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదువుకున్నాను, ఇప్పుడు న్యూజెర్సీలోనే కుక్కలు, పిల్లులు చూసే క్లినిక్‌లో పనిచేస్తున్నాను. రెండు చోట్లా పిడుదుల్ని దగ్గర నుంచి చూశాను కాబట్టి ముందు ఆ తేడా చెబుతాను. మన దగ్గర నుంచి వచ్చినవాళ్లు పొరబడేది అక్కడే.

హైదరాబాద్‌లో మీరు చూసింది గోధుమరంగు కుక్క పిడుదు. అది ఇంట్లోనే కాపురం పెడుతుంది. కుక్క రక్తం తాగి ఉబ్బి కింద రాలి, గోడ పగుళ్లలోనో తలుపు చట్రం వెనకో కుక్క పడుకునే గోనెపట్టా కిందో వేల గుడ్లు పెడుతుంది. చిన్నచిన్న పిడుదులు గోడ మీదికి పాకుతూ పోవడం మీరూ చూసే ఉంటారు. పుట్టిన దగ్గర నుంచి చచ్చేదాకా దానికి కావలసింది కుక్కే, అందుకే ఒకటి కనబడిందంటే ఇల్లంతా వెతకాలి. అది అంటించేవి ఎర్లీకియా, బబేసియా వగైరా. మన ఊళ్లలో టిక్ ఫీవర్ అని కలిపి చెప్పేది వీటినే.

ఇక్కడ మీరు తీసింది అది కాదు. కాళ్లు నల్లగా, వీపు వెనక సగం ఇటుకరంగులో ఉందని రాశారు. అది నల్లకాళ్ల పిడుదు, పెద్దయిన ఆడది. జింక పిడుదు అని కూడా అంటారు. ఇది ఇంట్లో బతకలేదు, తేమ లేకపోతే ఎండి చచ్చిపోతుంది. దీని చోటు అడవి అంచున రాలిన ఆకుల కింద, చెమ్మలో. గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు దాకా రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లలో మూడుసార్లే రక్తం తాగుతుంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు దానిలో లైమ్ బ్యాక్టీరియా ఉండదు. మొదటిసారి తెల్లకాళ్ల ఎలుకను పట్టుకుంటుంది చూడండి, అక్కడ ఎక్కుతుంది. జింకలు పెద్ద పిడుదులకు తిండి పెట్టి వాటి సంఖ్యను పెంచుతాయే గానీ బ్యాక్టీరియాను ఇవ్వవు. సోర్లాండ్ లాంటి చోట జింకలకీ ఎలుకలకీ కొదవ లేదు కాబట్టి మీ వెట్ ఊరికే భయపెట్టడం లేదు. అమెరికాలో ఏటా సుమారు 4,76,000 మంది మనుషులు లైమ్‌కి చికిత్స తీసుకుంటున్నారని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ అంచనా. వాటిలో పెద్ద వాటా ఈశాన్య రాష్ట్రాలదే.

జబ్బు పేరు కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరిది. 1975 ప్రాంతంలో అక్కడి పిల్లలకు వరసగా కీళ్లు వాస్తుంటే, ఇదేదో మామూలు కీళ్లజబ్బు కాదు, కారణం వెతకండి అని వెంటపడింది ఆ పిల్లల తల్లులే. మోంటానాలో పనిచేసే విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదుల్ని కోసి చూస్తూ, వాటి పేగులో మెలికలు తిరిగిన బ్యాక్టీరియాను కనిపెట్టి 1982లో ప్రకటించాడు. దానికి ఆయన పేరే పెట్టారు, బొరీలియా బర్గ్‌డార్ఫెరై అని.

ఆ పేగు అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మనం కుక్కను కాపాడుకోగలిగేది దానివల్లే. ఆకలితో ఉన్న పిడుదు పేగు గోడకి ఆ బ్యాక్టీరియా అతుక్కుని నిద్రాణంగా ఉంటుంది. పిడుదు కరిచి, వెచ్చటి రక్తం లోపలికి రావడం మొదలయ్యాకే అది మేలుకుంటుంది. తన పైపొర ప్రోటీన్‌ను మార్చుకుని, పేగు దాటి, పిడుదు లాలాజల గ్రంథుల్లోకి చేరి, అక్కడి నుంచి కుక్క ఒంట్లోకి దిగాలి. ఇదంతా జరగడానికి సాధారణంగా 24 నుంచి 48 గంటలు పడుతుంది. పిడుదు కరిచిన క్షణానికీ జబ్బు ఎక్కే క్షణానికీ మధ్య ఒక రోజు పైన ఖాళీ ఉందన్నమాట. మాత్రైనా, టీకా అయినా, రాత్రిపూట మీరు చేతులతో వెతకడమైనా ఆ ఖాళీలోనే పనిచేస్తాయి. ఏది ఎక్కడ పనికొస్తుందో ఈ లెక్కలో చూసుకుంటే డాక్టర్ చెప్పింది ఎందుకు చెప్పారో మీకే తెలుస్తుంది.

ముందు మొన్న తీసిన పిడుదు సంగతి. పల్చగా, చప్పిడిగా ఉందన్నారు కాబట్టి అది కరిచి ఎంతోసేపు కాలేదు. బూడిదరంగులోకి తిరిగి గింజలా ఉబ్బి ఉంటే రెండు మూడు రోజులుగా తాగుతోందని అర్థం. దీనితో లైమ్ వచ్చే అవకాశం తక్కువే. అలాగని ఈ వారమే రక్తపరీక్ష చేయిస్తే లాభం లేదు. ఒకవేళ అంటినా రక్తంలో యాంటీబాడీలు కనబడటానికి మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది. క్లినిక్‌లో 4డీఎక్స్ అనే చిన్న కిట్ పరీక్ష ఉంటుంది. కొద్దిపాటి రక్తంతో గుండె పురుగు, లైమ్, ఎర్లీకియా, అనాప్లాస్మా అన్నీ అక్కడికక్కడే తేలిపోతాయి, ఏది ఉంటే దాని రంగు చుక్క కిట్ మీద కనబడుతుంది. ఆరో వారంలో అది చేయించండి.

ఇప్పుడు మాత్ర. నెక్స్‌గార్డ్, సింపారికా, క్రెడెలియో, బ్రవెక్టో అన్నీ ఒకే కుటుంబం మందులు. మొదటి మూడూ నెలకొకటి, బ్రవెక్టో మాత్ర పన్నెండు వారాలకొకటి. ఇవి పిడుదును దగ్గరికి రాకుండా తరమవు. పిడుదు ఎక్కుతుంది, కరుస్తుంది, రక్తంతో పాటు మందు తాగి చస్తుంది. అందుకే మాత్ర వేశాక కూడా కుక్క మీద పిడుదు కనబడితే మందు పనిచేయలేదని అనుకోకండి. బ్యాక్టీరియా దాటే లోపల పిడుదు చావడమే ఇక్కడ కావలసింది. నల్లకాళ్ల పిడుదును చంపడం ద్వారా లైమ్ రాకుండా ఆపుతుందని నెక్స్‌గార్డ్‌కి మందులకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది. అదే ఏడాది ఎఫ్‌డీఏ ఇంకో మాట కూడా చెప్పింది: ఈ కుటుంబం మందులతో కొన్ని కుక్కలకి వణుకు, తూలడం, మూర్ఛ రావచ్చని. మీ కుక్కకి ఇదివరకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట వెట్‌కి తప్పకుండా చెప్పండి. అప్పుడు పిడుదుల మందు ఉండే సెరెస్టో కాలర్ లాంటి దారి చూస్తారు. ఫిట్స్ చరిత్ర ఏమీ లేకపోతే మీ ఇంటికి నేను మాత్రకే మొగ్గుతాను. కాలర్ మందు బొచ్చు మీద పరుచుకుని ఉంటుంది. ఏడాదిన్నర పాప రోజంతా కుక్క మెడ పట్టుకుని వేలాడి, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది.

ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఒక్కటి మరిచిపోకండి. కుక్క వీపు మీద పోసే చుక్కల మందుల్లో కొన్నింటిలో పర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి విషం, ప్రాణం తీస్తుంది.

చలికాలం వస్తే మాత్ర ఆపేయచ్చా అని అందరూ అడుగుతారు. ఆపకండి. ఈ పిడుదుల్లో పెద్దవి బాగా తిరిగేదే అక్టోబర్, నవంబర్ నెలల్లో. డిసెంబర్, జనవరిలో కూడా మంచు కరిగి నాలుగైదు సెల్సియస్ డిగ్రీల వేడి వచ్చిందంటే ఆకుల కింద నుంచి లేచి గడ్డిపరక కొసకి ఎక్కి కూర్చుంటాయి. నవంబర్ చివర థాంక్స్‌గివింగ్ పండగ అయ్యాక మాత్ర మానేసి, ఫిబ్రవరిలో కుంటుతున్న కుక్కను తీసుకొచ్చేవాళ్లను ప్రతి ఏడూ చూస్తాను. గసగసాల గింజంత ఉండే చిన్న పిడుదులు, వాటిని నింఫ్ అంటారు, మే నుంచి జూలై దాకా ఎక్కువ. మనుషులకి లైమ్ ఎక్కువగా అంటేది వాటివల్లే, కంటికి సులువుగా కనబడవు కాబట్టి.

టీకా విషయంలో నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. లైమ్ మీద సలహాలు రాయడానికి అమెరికన్ వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ కాలేజీ వేసిన నిపుణుల బృందం 2018లో తన నివేదిక ఇచ్చినప్పుడు, ఈ ప్రాంతపు కుక్కలన్నింటికీ టీకా వేయాలా వద్దా అన్న చోట రెండుగా చీలిపోయింది. మాత్ర సరిగ్గా వేస్తుంటే టీకా ఎందుకు అన్నది ఒక వాదన. మాత్ర ఒక్కోసారి ఆలస్యమవుతుంది, మరిచిపోతాం, కుక్క కక్కేస్తుంది, అప్పుడు వెనక ఇంకో కాపలా ఉండాలి అన్నది రెండోది. అడవి ట్రైల్స్‌కి తిరిగే కుక్క, అందులోనూ లాబ్రడార్ కాబట్టి నేనైతే వేయిస్తాను. లాబ్రడార్ అని ఎందుకు నొక్కి చెబుతున్నానో కింద వస్తుంది. ఈ టీకా పనిచేసే తీరు నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది: కుక్క రక్తంలో తయారైన యాంటీబాడీలను పిడుదు తాగుతుంది, అవి పిడుదు పేగులోకి వెళ్లి, బ్యాక్టీరియా ఇంకా మేలుకోకముందే అక్కడే దాన్ని చంపుతాయి. మొదటిసారి రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. టీకాకి ముందు రక్తపరీక్ష, మూత్రపరీక్ష రెండూ చేయించండి. టీకా వేసినా 4డీఎక్స్‌లో లైమ్ చుక్క దానివల్ల తప్పుగా రాదు, ఆ బెంగ వద్దు. మనుషులకి కూడా ఇదే పద్ధతిలో ఒక టీకా 1998లో వచ్చింది, కొనేవాళ్లు తగ్గి 2002లో కంపెనీ ఆపేసింది.

ఇక చేతులతో వెతకడం. ఖర్చు లేనిదీ, ఎక్కువమంది మానేసేదీ ఇదే. ట్రైల్‌కి వెళ్లినా వెళ్లకపోయినా రోజూ రాత్రి ఐదు నిమిషాలు పెట్టుకోండి. కళ్లని కాదు, వేళ్లని నమ్మండి. లాబ్రడార్‌కి లోపలి బొచ్చు దట్టంగా ఉంటుంది, పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. ముందు కాలర్ తీసేసి మెడ చుట్టూ వేళ్ల కొసల్ని బొచ్చుకి ఎదురు నడిపించండి. చెవి వెనక్కి మడవండి. బయటి అంచు కింద చర్మం రెండు పొరలుగా చీలి చిన్న మడత ఉంటుంది, అందులోకి బొటనవేలు పోనివ్వండి. చంకలు, గజ్జలు, తోక మొదలు, కనురెప్పల అంచులు, ఆఖరున నాలుగు కాళ్ల వేళ్ల సందులు. ఎక్కడైనా గట్టిగా చిన్న గింజ తగిలితే ఆగి టార్చ్ వేసి చూడండి. కాళ్లుంటే పిడుదు. మగకుక్కకి కూడా చనుమొనలు ఉంటాయి, పులిపిర్లు ఉంటాయి. వాటిని పిడుదు అనుకుని పట్టకారుతో లాగి రక్తం కారుతుంటే పరిగెత్తుకొచ్చేవాళ్లు ఉన్నారు.

తీయడానికి సన్నమొన పట్టకారు వాడండి. కనుబొమలకి వాడే వెడల్పుమొనది పిడుదు పొట్టని నొక్కేస్తుంది. మొనల్ని కుక్క చర్మానికి ఆనించి, పిడుదు నోరు లోపలికి దిగిన చోట పట్టుకుని, మెలితిప్పకుండా కుదపకుండా తిన్నగా పైకి లాగుతూ ఉండండి. చర్మం కాస్త పైకి లేచి, ఒకటి రెండు సెకన్లలో వదులుతుంది. నోటి ముక్క లోపల ఉండిపోతే తవ్వకండి, దానంతటదే బయటికొస్తుంది. అగ్గిపుల్ల, అగరుబత్తి, కిరోసిన్, నూనె ఏవీ వద్దు. వాటితో పిడుదు వదలడానికి సమయం పడుతుంది, మనకి మిగిలిందే కొన్ని గంటలు. పసుపు, వేపనూనె పైన రాస్తే ఈ పిడుదు ఆగదు, పైగా కుక్క నూనెను నాకి కడుపు పాడు చేసుకుంటుంది. అన్నంలో వెల్లుల్లి కలిపితే పిడుదులు రావని ఎవరైనా చెబితే వినకండి, వెల్లుల్లి కుక్కల ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తుంది. ఇండియా నుంచి వచ్చే బంధువులతో మందు స్నానం సీసాలు తెప్పించుకోవద్దు, పాప పాకే ఇంట్లో ఆ మందు నీళ్లు అసలే వద్దు.

మాత్ర వేసినా వెతకడం ఎందుకంటే ఆ ఒక రోజు గడువు లైమ్‌కి మాత్రమే. ఇదే పిడుదు మోసే అనాప్లాస్మా ఇంకా త్వరగా దాటగలదు. ఇక్కడ పిడుదుల్లో వేరే రకాలూ ఉన్నాయి. లోన్ స్టార్ పిడుదు కరిస్తే కొంతమంది మనుషులకి మేకమాంసం లాంటి ఎర్రమాంసం పడకుండా పోతుంది. ఆసియా నుంచి వచ్చిన పొడవుకొమ్ముల పిడుదును అమెరికాలో మొదట గుర్తించింది 2017లో, సోర్లాండ్ కొండలు కొంతమేర విస్తరించిన హంటర్డన్ కౌంటీలోనే, ఒక గొర్రె మీద. దానికి మగది లేకుండానే సంతానం కలుగుతుంది. బ్రవెక్టో వాడేవాళ్లు లోన్ స్టార్ పిడుదు మీద దాని బలం ఎనిమిది వారాలే అని గుర్తుంచుకోవాలి.

పెరడు గురించి క్లుప్తంగా: పిడుదులు ఎగరవు, దూకవు, చెట్టు మీంచి రాలవు. మోకాలి ఎత్తు లోపల గడ్డి కొసన కాళ్లు చాపి కాచుకుంటాయి. రాలిన ఆకులు ఊడ్చేయండి, కట్టెలు, పక్షుల గింజల డబ్బా ఇంటికి దూరంగా పెట్టండి, అవి ఎలుకల్ని పిలుస్తాయి. పచ్చికకీ చెట్లకీ మధ్య మూడడుగుల వెడల్పున చెక్కపొట్టు పరిస్తే మంచిది. ట్రైల్‌లో కుక్కని దారి మధ్యలో నడిపించండి. ఇంటికి రాగానే మీ బట్టల్ని ఉతకకముందే డ్రయ్యర్‌లో బాగా వేడి మీద పది నిమిషాలు తిప్పండి. ఉతుకుడుకి చావని పిడుదు ఆ పొడి వేడికి చస్తుంది.

పాప సంగతి. కుక్కకి లైమ్ ఉన్నా అది నాకితేనో కరిస్తేనో పాపకి రాదు. ప్రమాదం వేరే చోట ఉంది: ఇంకా కరవని పిడుదు కుక్క బొచ్చు మీద ఎక్కి ఇంట్లోకి వచ్చి సోఫా మీద పాపని పట్టుకోవచ్చు. అందుకే బయటి నుంచి రాగానే కుక్కని గుమ్మం దగ్గరే తుడిచి చూసుకోండి, పాప మంచం మీదికి ఎక్కనివ్వకండి. సాయంత్రం స్నానం పోసేటప్పుడు పాపకి కూడా జుట్టు మొదళ్లు, చెవుల వెనక, చంకలు, బొడ్డు, మోకాళ్ల వెనక మడతలు చూడండి. పిడుదు దొరికితే తీసి టేపుకి అంటించి, తేదీ రాసి, పిల్లల డాక్టర్‌కి అదే రోజు ఫోన్ చేయండి. ముందుజాగ్రత్తగా ఒక్క డోసు మందు ఇవ్వాలా వద్దా అన్నది 72 గంటల లోపు తేల్చాల్సిన విషయం. మూడు నుంచి ముప్పై రోజుల లోపు ఎర్రటి మచ్చ లేచి రోజురోజుకీ పెద్దదవుతుంటే ఆలస్యం చేయకండి.

కుక్కకి ఆ మచ్చ రాదు, వచ్చినా బొచ్చులో తెలియదు. నిజానికి లైమ్ అంటిన కుక్కల్లో ఎక్కువశాతం, తొంభై పైనే, ఏ లక్షణమూ లేకుండా తిరుగుతాయి. లక్షణాలు వచ్చేవాటికి కూడా పిడుదు కరిచిన రెండు నుంచి ఐదు నెలలకి గానీ రావు. ఈలోగా పిడుదు సంగతి ఇంట్లో అందరూ మరిచిపోతారు. జ్వరం, తిండి మానేయడం, పడుకున్నచోటు నుంచి లేవకపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా కాలు మారే కుంటు. సోమవారం ముందు ఎడమకాలు ఎత్తి పెట్టిన కుక్క గురువారానికి వెనక కుడికాలు ఎత్తితే, మెట్లు దిగుతూ పడిందేమోలే అని సరిపెట్టుకోకండి. లైమ్‌కి ఇచ్చే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లోనే చాలా కుక్కలు లేచి తిరుగుతాయి, అయినా నెల రోజుల కోర్సు పూర్తిగా వేయాలి. మన ఇళ్లలో మాత్రని పెరుగన్నంలో పెట్టి తినిపించడం అలవాటు. ఈ మందుకి అది కూడదు, పాల పదార్థాలతో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు. కోడిమాంసం ముక్కలోనో మామూలు అన్నం ముద్దలోనో పెట్టి, వెంటనే నీళ్లు తాగేలా చూడండి. గొంతులో ఆగితే పుండు పడుతుంది.

లాబ్రడార్ అని ఇందాక ఆగాను. లైమ్‌లో నేను నిజంగా భయపడేది కుంటుకి కాదు, కిడ్నీ దెబ్బకి. కొద్ది కుక్కలకే వస్తుంది గానీ లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లే అందులో ఎక్కువ, వచ్చాక నిలబెట్టడం చాలా కష్టం. కిడ్నీ నుంచి ప్రోటీన్ మూత్రంలోకి పోతుంటుంది. ఎక్కువ నీళ్లు తాగడం, ఎక్కువసార్లు మూత్రం పోయడం, వాంతులు, బరువు తగ్గడం, కాళ్లకి నీరు దిగడం దాని గుర్తులు. అవి పైకి కనబడేసరికే చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి 4డీఎక్స్‌లో లైమ్ చుక్క వస్తే, కుక్క ఎంత హుషారుగా ఉన్నా మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించండి, కొన్ని నెలలకోసారి మళ్లీ చేయించండి. చుక్క వచ్చిందని లక్షణాలు లేని ప్రతి కుక్కకీ మందు వేయనవసరం లేదని చాలామంది నిపుణుల మాట, నేనూ అలాగే చేస్తాను. మూత్రం మాత్రం వదిలిపెట్టను.

ఆ కిట్‌లో ఇంకో చుక్క మీద కూడా కన్నేయండి. మీ కుక్క పెరిగింది హైదరాబాద్‌లో కాబట్టి ఎర్లీకియా చుక్క వచ్చినా ఆశ్చర్యం లేదు. అక్కడి గోధుమరంగు పిడుదు ఎప్పుడో అంటించింది ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండగలదు. అలా వస్తే ప్లేట్‌లెట్ల లెక్క చేయించి, దాన్నిబట్టి చికిత్స సంగతి వెట్‌తో మాట్లాడండి. బబేసియాలో గిబ్సోనై అనే రకం అయితే ఈ కిట్‌కి అసలు అందదు, దానికి పీసీఆర్ పరీక్ష వేరే ఉంది. ఇక్కడి వెట్‌కి ఇండియా కుక్కలు అరుదు, అది తట్టకపోవచ్చు. ఈ కుక్క హైదరాబాద్ నుంచి వచ్చింది, అక్కడ టిక్ ఫీవర్ వచ్చిందో లేదో, ఏం మందులు వాడారో మీరే చెప్పి, ఆ పీసీఆర్ కూడా చేద్దామా అని అడగండి. అది తేలేదాకా వేరే కుక్కకి రక్తం ఇప్పించవద్దు.